సి భాషలో దత్తాంశ పరిమాణ వైరుధ్యాలు: దోషాన్వేషణ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక సంఖ్యను ఎన్ని బిట్లలో దాచాలన్న నిర్ణయం ప్రోగ్రామ్ మూలపాఠంలో అన్నివేళలా కనిపించదు. రాసినవారు ఒక పరిమాణాన్ని, చదివే యంత్రం మరొక పరిమాణాన్ని ఊహించుకున్నప్పుడు పుట్టే దోషాలే పరిమాణ వైరుధ్యాలు. సి భాష, యునిక్స్ వ్యవస్థల పరిణామంలో ఈ దోషాలు ఎలా పుట్టాయి, వాటిని గుర్తించే పద్ధతులు ఎలా ఏర్పడ్డాయి, ఆ పద్ధతులకు గల పరిమితులేమిటి అన్న అంశాలను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సి భాష, యునిక్స్, దత్తాంశ రకం, పూర్ణాంక పరిమాణం, దోషాన్వేషణ, 2038 సమస్య.

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్ మెమరీలో ఉండేవి బిట్లు మాత్రమే. అవి సంఖ్యా, అక్షరమా, మరొక చోటును సూచించే చిరునామానా అన్నది ఆ బిట్లలో రాసి ఉండదు. చదివేవారు తమతో తెచ్చుకున్న ఒప్పందమే వాటికి అర్థాన్నిస్తుంది. 16 బిట్లలో, రుణసంఖ్యలను కూడా కలుపుకొంటే, -32,768 నుండి 32,767 వరకు దాచవచ్చు. 32,767కు ఒకటి కలిపితే అనేక యంత్రాల్లో -32,768 వస్తుంది. ఇక్కడ యంత్రం పొరపడలేదు. తనకు అప్పగించిన గది ఎంత పెద్దదో అంతమేరకే అది లెక్కించింది.

ఇటువంటి దోషాలను సాధారణంగా ప్రోగ్రామర్ అజాగ్రత్తకు ఆపాదిస్తారు. చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం అసంపూర్ణమని తెలుస్తుంది. ఒక యంత్రంపై పూర్తిగా సరైన కోడ్, ఒక్క అక్షరం కూడా మారకుండానే, మరొక యంత్రంపై దోషపూరితం కావచ్చు. కాబట్టి దోషం కోడ్‌లోనే కాక, కోడ్‌కూ అది నడిచే పరిసరానికీ మధ్యనున్న సంబంధంలో కూడా ఉంటుంది. ఈ ప్రతిపాదనను నిరూపించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

2. రకాలు లేని భాష నుండి రకాలున్న భాషకు:

సి భాషకు మాతృక అయిన బీసీపీఎల్‌ను మార్టిన్ రిచర్డ్స్ 1967లో రూపొందించారు. దానిలో ఉన్నది ఒకే రకం, అది యంత్రపు వర్డ్. బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్ రూపొందించిన బి భాష కూడా ఈ సంప్రదాయాన్నే అనుసరించింది. అది మొదట నడిచిన పీడీపీ-7 యంత్రంలో వర్డ్ పరిమాణం 18 బిట్లు. ప్రతి విలువా ఒకే పరిమాణంలో ఉన్నచోట పరిమాణ వైరుధ్యానికి అవకాశమే లేదు.

1970లో వచ్చిన పీడీపీ-11 ఈ పరిస్థితిని మార్చింది. దానిలో వర్డ్ 16 బిట్లు, అయితే 8 బిట్ల బైట్‌కు కూడా విడిగా చిరునామా ఉంటుంది. బైట్‌ను, వర్డ్‌ను వేరుగా గుర్తించలేని బి భాష ఈ యంత్రానికి ఒదగలేదు. డెనిస్ రిచీ 1971–73 మధ్యకాలంలో ఆ భాషకు రకాలను జోడించి సి భాషగా మలిచారు. చార్ 8 బిట్లు, ఇంట్ 16 బిట్లు అయ్యాయి. రకాలు యంత్రం అవసరం నుండి పుట్టాయన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. అందువల్లనే ఇంట్ అన్న పేరుకు స్థిరమైన పరిమాణం నిర్ణయించలేదు. యంత్రానికి ఏది సహజమో అదే దాని పరిమాణం.

1978లో బ్రయన్ కెర్నిగన్, డెనిస్ రిచీ ప్రచురించిన సి భాషా గ్రంథంలో ఈ వైవిధ్యం ఒక పట్టిక రూపంలో కనిపిస్తుంది. ఇంట్ పరిమాణం పీడీపీ-11లో 16 బిట్లు, ఐబీఎం 370లోనూ ఇంటర్‌డేటా 8/32లోనూ 32 బిట్లు, హనీవెల్ 6000లో 36 బిట్లు. ఒకే పదానికి మూడు అర్థాలు ఒకే పుటలో నమోదయ్యాయన్నమాట.

3. ఎల్‌సీక్ ఉదంతం:

ఫైల్‌లో ఒక చోటికి వెళ్ళడానికి తొలి యునిక్స్‌లో సీక్ అనే వ్యవస్థా పిలుపు ఉండేది. అది తీసుకునే దూరం 16 బిట్ల సంఖ్య. పెద్ద ఫైళ్ళలో దూరాన్ని 512 బైట్ల ఖండాలలో లెక్కించే మరొక పద్ధతిని దీనికి జతచేయవలసి వచ్చింది. 32 బిట్ల లాంగ్ రకం భాషలోకి వచ్చిన తర్వాత, 1979 నాటి ఏడవ కూర్పులో ఎల్‌సీక్ ప్రవేశించింది. ఆ పేరులోని మొదటి అక్షరం లాంగ్ రకాన్నే సూచిస్తుంది.

పీడీపీ-11పై ఎల్‌సీక్‌కు మూడు ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి. అవి ఫైల్ సంఖ్య 2 బైట్లు, దూరం 4 బైట్లు, ఎక్కడి నుండి లెక్కించాలో తెలిపే సంకేతం 2 బైట్లు. మొత్తం 8 బైట్లు. ఫైల్ చివరికి వెళ్ళడానికి దూరం సున్నా, సంకేతం 2 ఇవ్వాలి. అయితే ప్రోగ్రామర్ సున్నాను మామూలు ఇంట్‌గా రాస్తే స్టాక్ మీదికి 6 బైట్లే చేరుతాయి. అవతలి పక్క మాత్రం 8 బైట్లు ఉన్నట్టే చదువుతుంది. అప్పుడు సున్నా దూరంలోని పై సగంగా, 2 అన్న సంకేతం దాని కింది సగంగా మారిపోతాయి. సంకేతం స్థానంలో స్టాక్ మీద అంతకుముందు ఏముంటే అది వస్తుంది. ఫైల్ చివరికి వెళ్ళమన్న ఆజ్ఞ, ఎక్కడి నుండో తెలియని రెండు బైట్ల దూరంగా పరిణమిస్తుంది. సున్నా పక్కన లాంగ్‌ను తెలిపే ఒక్క అక్షరాన్ని చేర్చడమే దీనికి పరిష్కారం.

ఇదే కోడ్ 1977లో వచ్చిన వ్యాక్స్ యంత్రంపై నిరాటంకంగా నడిచేది. అక్కడ ఇంట్, లాంగ్ రెండూ 32 బిట్లే. వ్యాక్స్‌పై రాసి, పరీక్షించి, సరైనదని నిర్ధారించుకున్న ప్రోగ్రామ్ పీడీపీ-11పై విఫలం కావడానికి కారణం ఇదే. లోకమంతా వ్యాక్స్ యంత్రమే అనుకోరాదన్న హెచ్చరిక యునిక్స్ ప్రోగ్రామర్ల నోట నానుడి కావడం వెనుక ఇటువంటి అనుభవాలున్నాయి.

4. పరిశీలనా సాధనాల ఆవిర్భావం:

1977–78లో స్టీఫెన్ జాన్సన్, డెనిస్ రిచీ యునిక్స్‌ను పీడీపీ-11 నుండి ఇంటర్‌డేటా 8/32కు తరలించారు. పాయింటర్‌ను, పూర్ణాంకాన్ని ఒకదాని స్థానంలో మరొకటి వాడే అలవాటు ఎంత విస్తృతంగా ఉందో ఆ పనిలో వెల్లడైంది. ఇటువంటి లోపాలను కోడ్ నడవకముందే పట్టుకోవడానికి జాన్సన్ తన కంపైలర్ ఆధారంగా లింట్ అనే సాధనాన్ని నిర్మించారు. అనేక ఫైళ్ళను కలిపి చదివి, ఒకచోట ప్రకటించిన రకానికీ మరొకచోట వాడిన రకానికీ పొంతన ఉందో లేదో చెప్పడం దాని పని.

ఆ కాలపు కంపైలర్ ఒక్కో ఫైల్‌ను విడిగా చూసేది. ఫంక్షన్‌ను నిర్వచించిన ఫైల్, పిలిచిన ఫైల్ విడివిడిగా నిర్దుష్టమే. దోషం ఆ రెంటి నడుమ ఉంది. ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే పాఠభేదం బయటపడినట్లు, ఫైళ్ళను పోల్చినప్పుడే ఈ దోషం బయటపడుతుంది. 1989 నాటి ప్రామాణిక సి భాష ఆర్గ్యుమెంట్ల రకాలను ముందుగా ప్రకటించే పద్ధతిని చేర్చి, లింట్ చేసిన పనిలో కొంతభాగాన్ని కంపైలర్‌కే అప్పగించింది.

5. 64 బిట్ల యుగం:

1992లో ఆల్ఫా వంటి 64 బిట్ల యంత్రాలు వచ్చినప్పుడు పాత ప్రశ్న కొత్తగా తలెత్తింది. పాయింటర్ 64 బిట్లు కావడం అనివార్యం. ఇంట్, లాంగ్ రకాల సంగతేమిటి? యునిక్స్ సంప్రదాయం ఇంట్‌ను 32 బిట్లుగా ఉంచి, లాంగ్‌ను 64 బిట్లకు పెంచింది. దీనికి ఎల్‌పీ64 అని పేరు. విండోస్ మాత్రం లాంగ్‌ను కూడా 32 బిట్లుగానే నిలిపింది. అప్పటికే లాంగ్ అంటే 32 బిట్లన్న నమ్మకంతో రాసిన కోడ్, ఫైల్ రూపాలు అపారంగా ఉండటమే అందుకు కారణం. ఫలితంగా నేటికీ లాంగ్ అన్న పదానికి ఈ రెండు వ్యవస్థల్లో రెండు పరిమాణాలున్నాయి.

ఈ యుగపు విలక్షణమైన దోషం పాయింటర్ కుదింపు. మెమరీని కోరే ఫంక్షన్‌ను ముందుగా ప్రకటించకుండా పిలిస్తే, పాత సి నియమం ప్రకారం అది ఇంట్‌ను తిరిగి ఇస్తుందని కంపైలర్ భావించేది. 64 బిట్ల చిరునామాలో కింది 32 బిట్లే మిగిలేవి. చిరునామాలు చిన్నవిగా ఉన్నంతకాలం ప్రోగ్రామ్ సక్రమంగా నడిచి, మెమరీ వినియోగం పెరిగినప్పుడు కూలిపోయేది. 1999 నాటి ప్రమాణం ఆ నియమాన్ని తొలగించినా, జీసీసీ కంపైలర్ దీనిని హెచ్చరిక స్థాయి నుండి దోషం స్థాయికి పెంచినది 2024లో వచ్చిన 14వ కూర్పులోనే. ఒక నియమం రద్దు కావడానికీ, దాని మీద ఆధారపడిన కోడ్ కనుమరుగు కావడానికీ మధ్య పాతికేళ్ళ ఎడం ఉంది.

రెండు పరిమాణాలు ఒకే యంత్రంలో కలిసి జీవించే చోట మరొక చిక్కు ఉంది. ఒక ఇంట్, దాని వెనుక ఒక 64 బిట్ల సంఖ్య ఉన్న నిర్మాణాన్ని తీసుకుందాం. లినక్స్‌లో 32 బిట్ల ఇంటెల్ పద్ధతిలో దాని పరిమాణం 12 బైట్లు. 64 బిట్ల పద్ధతిలో నడుమ 4 బైట్ల ఖాళీ చేరి 16 బైట్లవుతుంది. 32 బిట్ల ప్రోగ్రామ్ 64 బిట్ల కెర్నల్‌కు ఆ నిర్మాణాన్ని పంపితే, సభ్యుల రకాలు సరిపోయినా స్థానాలు సరిపోవు.

దోషాన్వేషకులు అనుభవంతో కొన్ని ఆనవాళ్ళను గుర్తించారు. 65,535, 2,147,483,647, 4,294,967,295 వంటి సంఖ్యలు అకారణంగా కనిపిస్తే హద్దు దాటినట్లు శంకించాలి. విలువను పదహారు ఆధారంగా గల సంఖ్యామానంలో రాసి చూసినప్పుడు పై సగమంతా సున్నాలైతే అది కుదింపుకు, అన్నీ ఎఫ్‌లైతే రుణచిహ్న విస్తరణకు సంకేతం కావచ్చు. తర్వాత ఆ విలువ ఒక రకం నుండి మరొక రకానికి మారిన ప్రతి సరిహద్దునూ పరిశీలించాలి. ఊహించిన పరిమాణాన్ని కంపైల్ సమయంలోనే నిర్ధారించే సౌకర్యం 2011 నాటి ప్రమాణంలో చేరింది.

6. కఠినమైన రకాలు సరిపోతాయా? – ఏరియన్ 5:

సి భాష ఉదారతే ఈ దోషాలకు మూలమైతే, కఠినమైన రకవ్యవస్థ వాటిని నివారించాలి. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగం ఈ వాదాన్ని పరీక్షకు పెట్టింది. దాని దిశానిర్దేశక సాఫ్ట్‌వేర్ అడా భాషలో ఉంది. క్షితిజ సమాంతర వేగానికి సంబంధించిన 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేటప్పుడు అది హద్దు దాటింది. ఏరియన్ 4 గమనమార్గంలో ఆ విలువ అంత పెద్దది కాదు. ప్రాసెసర్‌పై భారాన్ని తగ్గించడానికి, మార్పిడికి గురయ్యే ఏడు చరరాశుల్లో నాలుగింటికే రక్షణ కల్పించారు.

ఇక్కడ దోషం దాగలేదు, యంత్రం దానిని పట్టుకుంది. పట్టుకున్న తర్వాత ప్రాసెసర్ ఆగిపోయేలా రూపకల్పన ఉంది. ప్రత్యామ్నాయ యూనిట్‌లో కూడా అదే సాఫ్ట్‌వేర్ ఉన్నందున అదీ ఆగిపోయింది. ఆగిన యూనిట్ పంపిన దోషసమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారంగా చదువుకుంది. క్లస్టర్ ఉపగ్రహాలు నాలుగూ రాకెట్‌తోపాటు నాశనమయ్యాయి. రకాన్ని భాష కాపాడగలదు, కానీ విలువ ఏ హద్దుల్లో ఉంటుందన్న ఊహను మాత్రం మనుషులే పరీక్షించాలని ఈ ఘటన తెలుపుతున్నది.

7. తెలుగు అక్షరం – చార్ రకం:

ఈ చరిత్ర తెలుగు పాఠాన్ని కూడా తాకింది. పీడీపీ-11 ఒక బైట్‌ను రిజిస్టర్‌లోకి తెచ్చేటప్పుడు దాని రుణచిహ్నాన్ని విస్తరించేది. అందువల్ల సి భాషలో చార్ రుణవిలువలు గల రకంగా మొదలైంది. నేటికీ ఇంటెల్ యంత్రాల్లో సాధారణంగా అంతే. ఏఆర్ఎం లినక్స్‌లో అది ధనవిలువలకే పరిమితం. 128 కంటే తక్కువ సంకేతాలతో సరిపెట్టుకునే ఆంగ్లానికి ఈ భేదం తెలియదు. యూటీఎఫ్-8లో ‘త’ అక్షరం 224, 176, 164 అనే మూడు బైట్లు. రుణవిలువలు గల చార్‌లో 224 కాస్తా -32 అవుతుంది. దానిని పట్టికలో స్థానంగా వాడితే ప్రోగ్రామ్ పట్టికకు ముందున్న మెమరీని చదువుతుంది. ఆంగ్లంతో మాత్రమే పరీక్షించిన ప్రోగ్రామ్ తెలుగులో తడబడటానికి ఇది ఒక కారణం. విశాలాక్షరాల కోసం ఏర్పరచిన డబ్ల్యూచార్ రకం కూడా విండోస్‌లో 16 బిట్లు, లినక్స్‌లో 32 బిట్లు.

8. కాలగణన:

1971 నాటి యునిక్స్ కాలాన్ని సెకనులో అరవయ్యో వంతులుగా 32 బిట్లలో లెక్కించేది. ఆ గది సుమారు 829 రోజుల్లో నిండిపోతుంది. తర్వాత 1970 జనవరి 1 నుండి సెకన్లలో లెక్కించే పద్ధతి స్థిరపడింది. రుణసంఖ్యలతో కూడిన 32 బిట్లలో ఈ లెక్క భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ముగుస్తుంది. మరుక్షణం అది 1901 డిసెంబరుకు వెళ్తుంది.

ఓపెన్‌బీఎస్‌డీ 2014లో కాలాన్ని అన్ని యంత్రాల్లోనూ 64 బిట్లకు మార్చింది. 32 బిట్ల యంత్రాల కోసం లినక్స్ కెర్నల్ 2020లో 5.6 కూర్పుతో, గ్లిబ్‌సీ లైబ్రరీ 2021లో 2.34 కూర్పుతో ఈ సౌకర్యాన్ని సమకూర్చాయి. డెబియన్ ఈ మార్పు చేసినప్పుడు కూడా పాత 32 బిట్ల ఇంటెల్ విభాగాన్ని మినహాయించింది. మళ్ళీ కంపైల్ చేయడానికి వీలులేని పాత ప్రోగ్రాములను నడపడమే ఆ విభాగానికి మిగిలిన ప్రయోజనం. పరిమాణం మారిస్తే అవి నడవవు, మార్చకపోతే 2038 తర్వాత సరైన కాలం చెప్పవు.

9. ముగింపు:

పై పరిశీలన వలన మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. పరిమాణ వైరుధ్యం ప్రధానంగా సరిహద్దుల్లో పుడుతుంది. ఫైల్‌కూ ఫైల్‌కూ, ప్రోగ్రామ్‌కూ కెర్నల్‌కూ, పాత యంత్రానికీ కొత్త యంత్రానికీ మధ్య ఉన్న అలిఖిత ఒప్పందమే దాని స్థానం.

2. దానిని గుర్తించే సాధనాల చరిత్ర, ఆ అలిఖిత ఒప్పందాలను లిఖితం చేస్తూ వచ్చిన చరిత్ర. లింట్, ముందస్తు ప్రకటనలు, 1999 ప్రమాణం చేర్చిన స్థిరపరిమాణ పూర్ణాంక రకాలు ఈ మార్గంలో మజిలీలు.

3. ఒప్పందాన్ని రాసిపెట్టినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ ఒప్పందం ఏ పరిస్థితుల్లో కుదిరిందో మరచిపోతే, ఏరియన్ 5లో వలె సరైన పరిశీలన కూడా నష్టానికి దారితీస్తుంది.

నేడు అమర్చే 32 బిట్ల పరికరాల్లో కొన్ని 2038 నాటికి కూడా పనిచేస్తూ ఉంటాయి. వాటిలోని కోడ్‌ను అప్పుడు చదివేవారు దానిని రాసినవారు కాకపోవచ్చు. విద్యార్థులకు దోషాన్వేషణను బోధించేటప్పుడు ఏ విలువకు ఎంత గది, ఎందుకు ఇచ్చారో కోడ్‌తోపాటు నమోదు చేసే అలవాటును కూడా నేర్పవలసిన అవసరం ఉంది.