తిరిగి వచ్చిన చిత్రాలు: అమృతా షేర్‌గిల్ జీవితం

హైదరాబాదు చూడవచ్చిన బంధువులను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్ళని వారు మనలో అరుదు. మేలిముసుగు రెబెక్కా విగ్రహం ముందు కాసేపు నిలబడి, గంటలు కొట్టే గడియారాన్ని పిల్లలకు చూపించి బయటికి వస్తాము. ఆ అపురూప సేకరణలో ఎక్కువ భాగం సమకూర్చిన వారు మూడవ సాలార్‌జంగ్ గారు. 1936-37 శీతకాలంలో ఒక యువతి వేసిన చిత్రాలు ఆయన వద్దకు వెళ్ళి, కొనుగోలు కాకుండానే తిరిగి వచ్చాయి. ఆమె పేరు అమృతా షేర్‌గిల్. నేడు ఆధునిక భారతీయ చిత్రకళ గురించి చెప్పుకోవలసి వస్తే మొదట తలచుకునే పేర్లలో ఆమెది ఒకటి.

అమృత 1913 జనవరి 30న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో జన్మించింది. తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ మజీఠియా, పంజాబు సిక్కు ప్రభు వంశీకుడు. సంస్కృతం, పారశీకం చదువుకున్న పండితుడు, ఫొటోగ్రఫీలో అందెవేసిన చేయి. తల్లి మేరీ ఆంటొనెట్ హంగరీ దేశపు గాయని. 1921లో కుటుంబం సిమ్లాకు వచ్చి స్థిరపడింది. కూతురి ప్రతిభను గుర్తించిన తల్లిదండ్రులు 1929లో ఆమెను పారిస్ తీసుకువెళ్ళారు. అక్కడి ప్రసిద్ధ కళాశాల ఎకోల్ దే బోజార్‌లో లూసియాన్ సీమోన్ వద్ద ఆమె శిక్షణ పొందింది. 1932లో వేసిన ‘యువతులు’ అనే చిత్రానికి మరుసటి సంవత్సరం పారిస్ సలోన్ ప్రదర్శనలో స్వర్ణపతకం లభించింది. అప్పటికి ఆమె వయస్సు 20 సంవత్సరాలు!

పారిస్‌లో అంత పేరు వచ్చిన అమ్మాయి అక్కడే ఉండిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ తన కుంచెకు అసలైన పని భారతదేశంలోనే ఉందని ఆమె గట్టిగా నమ్మింది. 1934 చివరలో తిరిగి వచ్చి సిమ్లాలో బొమ్మలు వేయసాగింది. 1935లో వేసిన ‘ముగ్గురు అమ్మాయిలు’ చూడండి. ముగ్గురూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు. ఒకరి ముఖం ఒకరు చూడరు, ఎవరి కళ్ళలోనూ నవ్వుండదు. పెళ్ళిచూపులకు ముస్తాబై, పెద్దలు ఏమి నిర్ణయిస్తారో అని లోపలి గదిలో ఎదురుచూసిన ఆడపిల్లలు ఆ నాటి మన ఇళ్ళలోనూ ఉండేవారు కదా! ఈ చిత్రానికి 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ స్వర్ణపతకం ఇచ్చింది.

అయితే ఆమె దారి పూలబాట కాలేదు. అప్పట్లో మన ఇళ్ళ గోడల మీద రవివర్మ చిత్రాల అచ్చుప్రతులు ఉండేవి. చీర జరీ, నగల మెరుపు ఉన్నదున్నట్టు కనబడితేనే అది మంచి బొమ్మ అని లోకం అనుకునేది. అమృత ఆ మెరుపులన్నీ తీసివేసింది. మనిషి ఆకారాన్ని నాలుగు సరళమైన గీతల్లోకి కుదించి, చదునైన చిక్కని రంగులు వేసింది. ఎంచుకున్న మనుషులు కూడా కొండ ప్రాంతపు కూలీలు, పల్లె ఆడవాళ్ళు, బిచ్చగాళ్ళు. సిమ్లా కళాసంఘం 1935లో ఆమె పంపిన వాటిలో కొన్ని చిత్రాలను తిరస్కరించి, ఒకదానికి బహుమతి ప్రకటించింది. ఆమె ఆ బహుమతిని తిప్పి పంపింది.

1936లో ఆమె దేశయాత్రకు బయలుదేరింది. బొంబాయిలో న్యాయవాది, కళావిమర్శకుడు కార్ల్ ఖండాలావాలా ఆమె గొప్పతనాన్ని గుర్తించి జీవితాంతం అండగా నిలిచారు. అజంతా గుహలు చూసి ఆమె చలించిపోయింది. తాను వెతుకుతున్నది వేల మైళ్ళ అవతల లేదని, ఆ గోడల మీదే ఉందని గ్రహించింది. అక్కడి నుండి హైదరాబాదు వచ్చింది. ఇక్కడ ప్రదర్శన జరిగింది గాని, పైన చెప్పినట్లు నవాబుగారు చిత్రాలను తిప్పి పంపారు. మైసూరు మహారాజు వారు కూడా ఆమెవి కాదని రవివర్మ చిత్రాల వైపే మొగ్గారు. వారిని తప్పు పట్టవలసిన పని లేదు. కాలం అప్పటికి అంతవరకే చూడగలిగింది.

నిరాశపడి కూర్చునే మనిషి కాదు అమృత. కన్యాకుమారి వరకు దక్షిణాది తిరిగి, ఇక్కడి ఎర్రమట్టిని, నల్లని మనుషుల తెల్లని వస్త్రాలను కళ్ళనిండా నింపుకొని సిమ్లా చేరింది. 1937లో ‘పెళ్ళికూతురి అలంకరణ’, ‘బ్రహ్మచారులు’, ‘సంతకు వెళ్తున్న దక్షిణాది పల్లెవాసులు’ అనే మూడు మేటి చిత్రాలు వేసింది. చిత్రాలు తిరిగి వచ్చిన ఏడాదే ఆమె కళకు పంట పండిన ఏడాది.

1938లో హంగరీ వెళ్ళి తల్లి తరపు బంధువు, వైద్యుడు విక్టర్ ఈగన్‌ను వివాహమాడింది. 1939లో దంపతులు తిరిగి వచ్చి గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలో, ఆమె తండ్రి తరపు వారి ఎస్టేటులో కొంతకాలం ఉన్నారు. 1941లో లాహోరు చేరారు. అక్కడ పెద్ద ప్రదర్శనకు సిద్ధమవుతుండగా కొద్దిరోజుల జబ్బుతో డిసెంబరు 5న ఆమె కన్నుమూసింది. వయస్సు 28 సంవత్సరాలు. ఇంటి మిద్దె మీద నుండి కనబడే గేదెలు, ఇళ్ళ కప్పులు వేస్తూ వేస్తూ వదిలిన చివరి చిత్రం అసంపూర్తిగానే మిగిలింది. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు కూడా 1925లో 28 ఏళ్ళు నిండకుండానే వెళ్ళిపోయారు. అటువంటి వారిని తలచుకుంటే మనస్సు బరువెక్కుతుంది.

ఆమె బతికుండగా అమ్ముడైన చిత్రాలు కొద్ది. మిగిలినవాటిలో చాలా భాగం కుటుంబం ద్వారా జాతీయ సేకరణకు చేరాయి. 1954లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో వాటిని ఎవరైనా చూడవచ్చు. 1978లో ‘కొండ స్త్రీలు’ చిత్రం తపాలా బిళ్ళగా వెలువడింది. ప్రభుత్వం ఆమె చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించి దేశం దాటకుండా కాపాడుతున్నది. 1937లోనే వేసిన ‘కథకుడు’ 2023 సెప్టెంబరులో వేలంలో 61 కోట్ల 80 లక్షల రూపాయలు పలికింది. అప్పటికి ఒక భారతీయ చిత్రానికి వేలంలో వచ్చిన అత్యధిక ధర అది.

ఆ కోట్లలో ఒక్క రూపాయి ఆమెకు అందలేదు. ఆమె వారు ఆ బొమ్మలను అటక మీద పడవేసి ఉంటే మనకూ ఏమీ దక్కేది కాదు. మన ఇళ్ళలోనూ అమ్మ వేసిన ముగ్గుల పుస్తకమో, అత్తగారి అల్లికలో, అక్కయ్య చదువుకునే రోజుల్లో వేసిన బొమ్మలో ఏ ట్రంకుపెట్టెలోనో ఉంటాయి. వాటి విలువ ఎంతో నేడు చెప్పలేము. ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాలవాడికి ఇచ్చేముందు ఒక్కసారి విప్పి చూద్దాం. వెనుక ఆమె పేరు, సంవత్సరం రాసి, మనవరాలి చేతికి అందిద్దాం.