ఊళ్లో అమ్మకు బీపీ మాత్రలు ఎవరిస్తారు? ‘ఫ్యామిలీ డాక్టర్’ విధానం ఎలా పనిచేస్తుందంటే..

మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మానాన్నలు కోనసీమ జిల్లా వాడపల్లిలో ఉంటున్నారనుకుందాం. ఇద్దరికీ బీపీ, నాన్నకు షుగర్ కూడా. నెలనెలా పరీక్షలకు, మందులకు ఆటో మాట్లాడుకుని రావులపాలెమో కొత్తపేటో వెళ్లాల్సిందేనా? ఆ తిప్పలు తప్పించడానికే ఏపీలో ఫ్యామిలీ డాక్టర్ విధానం వచ్చింది.

అసలు ఏం మారింది?

దేశంలో పాత లెక్క ప్రకారం మైదాన ప్రాంతాల్లో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, 5 వేల మందికి ఒక సబ్ సెంటర్. సబ్ సెంటర్ అంటే ప్రధానంగా టీకాలు, గర్భిణుల సంరక్షణ. జీవితాంతం మందులు వాడాల్సిన వాళ్లకు అక్కడ పెద్దగా పని ఉండేది కాదు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద కేంద్రం వీటిని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టింది. ఏపీ ఇంకో అడుగు ముందుకేసి, 2,000-2,500 మందికి ఒకటి చొప్పున 10,032 విలేజ్ క్లినిక్‌లు ప్రకటించింది. (ఇది ఊరి జనాభా లెక్క. శనివారాల్లో వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనం ఇందులో లేరు.)

ఫ్యామిలీ డాక్టర్ విధానం 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకంగా మొదలై, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో అధికారికంగా ప్రారంభమైంది. క్లినిక్‌లో 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉచితంగా ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. 2024లో ప్రభుత్వం మారాక పేర్లు కొన్ని మారాయి.

డాక్టర్ రోజూ ఉంటారా?

ఉండరు. చాలామంది పొరబడేది ఇక్కడే. రోజూ ఉండేది కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, అంటే సీహెచ్‌వో. బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లుంటే ఒకరు అక్కడ ఓపీ చూస్తారు, రెండోవారు 104 వాహనంలో ఊళ్లకు వెళ్తారు. ఒక్కో క్లినిక్‌కు నెలకు రెండుసార్లు రావాలన్నది నిబంధన. ఉదయం ఓపీ, మధ్యాహ్నం మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు. మిగతా రోజుల్లో అవసరమైతే సీహెచ్‌వో ఈ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టర్‌తో మాట్లాడిస్తారు.

ఛాతీనొప్పి, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే మాత్రం క్లినిక్ దాకా నడిపించొద్దు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. 104, 108 ఒకటి కావు.

మరి చిక్కెక్కడ?

ఈ విధానమంతా నిలబడింది సీహెచ్‌వోల మీద. వాళ్లేమో కాంట్రాక్టు ఉద్యోగులు. రెగ్యులరైజేషన్, జీతాల పెంపు కోరుతూ 2025 ఏప్రిల్ చివర్లో రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగారు. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో పీజీ ఇన్-సర్వీస్ కోటా కోసం పీహెచ్‌సీ డాక్టర్లూ ఆందోళన బాట పట్టారు. పీహెచ్‌సీలో ఒక్క డాక్టరే మిగిలితే ఊరికి వెళ్లేదెవరు? భవనాలు, పరికరాల గురించి జరిగినంత చర్చ దీని మీద జరగలేదు. నిజానికి రోగికి కావాల్సింది ప్రతినెలా బీపీ చూసే అదే మనిషి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం అడగాలి?

ముందు ఆశా కార్యకర్త నంబరు తీసుకోండి. 104 ఏ తేదీల్లో వస్తుందో ఆమెకు తెలుస్తుంది. పోయినసారి బీపీ, షుగర్ ఎంత ఉన్నాయో కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. ప్రైవేటు డాక్టర్ రాసిన మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా క్లినిక్‌కు పట్టుకెళ్లమనాలి. అదే మందు వేరే కంపెనీ పేరుతో ఇస్తే, కొత్తదేమో అనుకుని రెండూ వేసుకునే ప్రమాదం ఉంది.