బూడిదలో గిట్టల గుర్తులు

1957లో మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరులో ఒక బూడిద దిబ్బను తవ్వుతుంటే, పొరల నడుమ పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. ఎవరో చెక్కినవి కావు. మంద తొక్కింది తొక్కినట్టే బూడిదలో నిలిచిపోయిన అచ్చులు. సుమారు నాలుగున్నర వేల ఏండ్ల కిందటివి. అదే కాలంలో సింధు లోయలో మొహెంజొదారో వీధులు జనంతో కళకళలాడుతున్నాయి. ఈ సంగతి చదివినప్పటి నుంచి నాకు కృష్ణ ఒడ్డు వేరేగా కనిపిస్తోంది.

ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు. కొత్తకోట నుంచి ఆత్మకూరు మీదుగా పడమరకు, కృష్ణ దిక్కుకు సాగితే వచ్చే సీమలోది. ఇలాంటి దిబ్బలు ఇక్కడి నుంచి రాయచూరు, బళ్లారి దాకా ఉన్నాయి. అవి రాక్షసులను కాల్చిన బూడిదని ఊళ్లలో చెప్పుకునేవారు. అగ్నిపర్వతాలేమోనని కొందరు దొరలు అనుమానపడ్డారు. పేడ కాలిన బూడిదేనని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే వాదించారు. 1960 ప్రాంతంలో లండన్‌లో జోయ్‌నర్ అనే శాస్త్రవేత్త చేసిన పరీక్షలు ఆయన మాటనే నిలబెట్టాయి.

ఉట్నూరును తవ్వింది పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్. పొరలు విప్పుకుంటూ పోయిన కొద్దీ ఆయనకు గుంజలు పాతిన గుంటలు వరుసగా దొరికాయి. అంటే అదొక పెద్ద దొడ్డి. గట్టి కర్రలతో కంచె కట్టి మందను లోపలికి తోలేవారు. పేడ మెట్టలా పేరుకున్నాక నిప్పు పెట్టేవారు. ఆ వేడికి కొన్నిచోట్ల బూడిద కరిగి కొలిమి చిట్టెంలా గడ్డకట్టింది. దాని మీదే మళ్లీ కంచె, మళ్లీ మంద, మళ్లీ మంట. పొలంలో గొర్రెల మంద పెట్టించి ఎరువు చేసుకునే పాలమూరు రైతుకు పేడ విలువ ఒకరు చెప్పాలా? అంత విలువైనదాన్ని పనిగట్టుకుని తగలబెట్టారంటే అది ప్రమాదం కాదు, పండుగే అయ్యుండాలి. ఆల్చిన్ ఆలోచనా అటే సాగింది. కన్నడ సీమలో సంక్రాంతి నాడు పశువులను ఇప్పటికీ మంట దాటిస్తారు.

ఆ మందలు కాచినవాళ్ల గింజలు ఉలవలు, పెసలు, అండుకొర్రలు. సింధు లోయవారి గోధుమ, బార్లీలతో పనిలేకుండా దక్కన్ మెట్ట నేల తన పంటలు తానే సాగుచేసుకుంది. ఎద్దుకు ఉడికించిన ఉలవలు పెట్టే ప్రతి చేతి వెనుకా ఆ కాలం ఉంది.

వాళ్ల మీద ఎవరో దండెత్తిన ఆనవాళ్లు లేవు. మెల్లమెల్లగా సేద్యం పెరిగింది, జనం స్థిరపడ్డారు, దిబ్బలు రాజేయడం మానేశారు. రాగి వచ్చింది, తర్వాత ఇనుము. కృష్ణ ఒడ్డున ముడుమాలలో 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లు లేచాయి. అక్కడొక బండ మీద సప్తర్షి మండలాన్ని గుంటలుగా తొలిచారు. ఆ తర్వాత శాతవాహనులు, ఇక్ష్వాకులు.

మన పిల్లల పాఠాల్లో నదీలోయ నాగరికత అంటే హరప్పా ఇటుకలే. ఇటుక లేదు, లిపి లేదు కాబట్టి ఉట్నూరుకు చోటు లేదు. ఇది అన్యాయం. ఎన్నో చేతులు కలిస్తే తప్ప అంత మందను కాయలేరు, అన్ని తరాలు ఒకే చోట నిప్పు రాజేయలేరు. అలా చోటు దొరకని గతం నేలమీద కూడా నిలవడం లేదు. కృష్ణ దిగువన నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలో రాకాసి గుళ్లను, అంటే పాతకాలపు పెద్ద రాళ్ల సమాధులను తవ్వారు. తవ్విన ఆ నేలే నాగార్జునసాగర్ నీళ్ల కింద పడింది. ప్రాజెక్టు పొలాలకు నీరిచ్చింది, నిజమే. కానీ బూడిద దిబ్బలకు చేటు చేసింది ప్రాజెక్టులే కాదు. మంచి ఎరువని బండ్లకెత్తి చేలకు తోలుకుంటూ చాలాచోట్ల వాటిని మనమే కరిగించాం. రైతును తప్పుపట్టలేం, అదేమిటో అతనికి చెప్పినవారే లేరు.

ముడుమాల నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. బూడిద దిబ్బలకు అంత దూరం పోనక్కర్లేదు. మిగిలిన ఒక్కో దిబ్బకూ సర్వే నంబరు రాసి, హద్దురాళ్లు పాతి, బూడిద తోలకాలు ఆపితే చాలు.