పాస్ లేదు, ఓడ దిగండి: 1812లో కలకత్తాలో ఇరుక్కున్న ఒక అమెరికన్ జంట

వీసా స్లాట్ కోసం అర్ధరాత్రి లేచి పేజీ రిఫ్రెష్ కొట్టినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. మనవాళ్లు అమెరికా వెళ్లడానికి పడే తిప్పలు మనకి తెలుసు. ఈ ఎపిసోడ్ దానికి రివర్స్. 200 ఏళ్ల కింద అమెరికా నుంచి ఇక్కడికి వచ్చిన ఒక జంట, ఉండటానికీ పర్మిషన్ లేక, వెళ్లడానికీ పర్మిషన్ లేక ఎలా నలిగిపోయిందో చూద్దాం. వాళ్లు మిషనరీలు. మతం మీద మీ అభిప్రాయం మీది, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. మనం చూసేది కాగితాల కథ.

ఆయన పేరు అడోనిరామ్ జడ్సన్, వయసు 23. ఆమె ఆన్, వయసు 22. 1812 ఫిబ్రవరి 5న పెళ్లి. సరిగ్గా రెండు వారాలకి, అంటే ఫిబ్రవరి 19న, మసాచుసెట్స్‌లోని సేలం రేవులో 'కారవాన్' అనే ఓడ ఎక్కారు. తోడుగా ఇంకో కొత్త జంట, శామ్యూల్ నెవెల్, హ్యారియెట్. హ్యారియెట్‌కి అప్పటికి 18 ఏళ్లే. దాదాపు నాలుగు నెలలు సముద్రం మీద గడిపి, జూన్‌లో కలకత్తా చేరారు.

అక్కడ రాజ్యం ఎవరిది? ఈస్ట్ ఇండియా కంపెనీది. లైసెన్స్ లేకుండా వచ్చిన యూరోపియన్లని కంపెనీ వెనక్కి పంపేసేది. మిషనరీలంటే దానికి ఇంకా భయం. 1806లో మన పక్కనే వెల్లూరులో సిపాయిలు తిరగబడ్డారు కదా, దానికి మత ప్రచారం కూడా ఒక కారణమని కంపెనీలో గట్టి వాదన ఉండేది. మతం జోలికెళ్తే వ్యాపారానికి దెబ్బ, అదీ వాళ్ల లెక్క. విలియం కేరీ లాంటివాళ్లు శ్రీరాంపూర్‌లో ఎందుకు స్థిరపడ్డారో తెలుసా? అది డెన్మార్క్ వాళ్ల ఊరు, కంపెనీ రూల్ అక్కడ నడవదు. దీనికి తోడు సరిగ్గా ఆ జూన్‌లోనే అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. అంటే వీళ్లు శత్రుదేశం మనుషులు కూడా అయిపోయారు.

ఆర్డర్ వచ్చేసింది: వచ్చిన ఓడలోనే తిరిగి వెళ్లిపోండి. బతిమాలగా బతిమాలగా, ఫ్రాన్స్ ద్వీపానికి, అంటే ఇప్పటి మారిషస్‌కి వెళ్లడానికి ఒప్పుకున్నారు. కానీ దొరికిన ఓడలో ఇద్దరికే చోటు. హ్యారియెట్ కడుపుతో ఉంది కాబట్టి నెవెల్ జంట ముందు బయల్దేరింది. జడ్సన్‌లు ఆగిపోయారు.

నవంబర్‌కి కంపెనీ ఓపిక అయిపోయింది. ఇంగ్లండ్ వెళ్లే ఓడ ప్రయాణికుల లిస్టులో జడ్సన్‌ల పేర్లు ఎక్కించేసింది. అదే సమయంలో 'క్రియోల్' అనే ఓడ మారిషస్ వెళ్తోందని తెలిసింది. పాస్ అడిగితే ఇవ్వమన్నారు. ఓడ కెప్టెన్ మాత్రం, మీ ఇష్టం, ఎక్కితే ఎక్కండి అన్నాడు. పాస్ లేకుండానే ఎక్కారు.

రెండు రోజులు హుగ్లీ నది మీద వెళ్లారో లేదో, వెనక నుంచి ప్రభుత్వం ఆర్డర్ వచ్చింది. ఇంగ్లండ్ పంపాల్సినవాళ్లు ఈ ఓడలో ఉన్నారు, ఓడ కదలడానికి వీల్లేదు. దిగక తప్పలేదు. నది ఒడ్డున సత్రాల్లో రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. సామాను ఓడలో, మనుషులు ఒడ్డున. ఊళ్లోకి తిరిగి వెళ్తే పట్టుకుంటారు, ముందుకెళ్దామంటే పాస్ లేదు.

అప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. విప్పి చూస్తే లోపల అదే ఓడకి పాస్! ఎవరు ఇప్పించారో వాళ్లకి తెలియలేదు. అయితే ఓడ ఈపాటికి సముద్రంలోకి వెళ్లిపోయి ఉండాలి. అయినా ఆశ చావక, దాదాపు 70 మైళ్లు పడవలో సాగర్ ద్వీపం వైపు పరుగు. వెళ్లి చూస్తే 'క్రియోల్' ఇంకా లంగరు వేసుకునే ఉంది.

1813 జనవరిలో మారిషస్‌లో దిగారు. దిగగానే విన్న మొదటి వార్త, హ్యారియెట్ లేదు. సముద్రం మీదే కాన్పు అయ్యింది, బిడ్డ అయిదు రోజులకే పోయింది. నవంబర్ 30న హ్యారియెట్ కూడా. 19 ఏళ్లు. కాగితం మీద ఒక 'ఉండకూడదు' అన్న మాట, నెలలు నిండుతున్న అమ్మాయిని మళ్లీ ఓడ ఎక్కించింది.

జూన్‌లో జడ్సన్‌లు మద్రాసు వచ్చారు. అది కూడా కంపెనీ ఊరే. ఆలస్యం చేస్తే మళ్లీ ఇంగ్లండ్ ఓడ ఎక్కించే ప్రమాదం. రేవులో వేరే దిక్కుకి వెళ్లేది ఒక్కటే ఓడ, 'జార్జియానా' అనే పాత డొక్కు ఓడ. అది వెళ్లేది రంగూన్‌కి. సరే, అదే ఎక్కారు. అప్పుడు ఆన్ గర్భవతి. సాయానికి మాట్లాడుకున్న ఆయా ఓడ కదులుతుండగానే కుప్పకూలి చనిపోయింది. దారిలో ఆన్‌కి చనిపోయిన బిడ్డ పుట్టింది. జులై 13న రంగూన్ చేరేసరికి ఆమెకి నడిచే ఓపిక లేదు, కుర్చీలో మోసుకుంటూ ఒడ్డుకి తీసుకెళ్లారు.

ఇప్పుడు అసలు విషయం వినండి. 1813 జులై 21న, అంటే వీళ్లు రంగూన్‌లో దిగిన ఎనిమిది రోజులకి, లండన్‌లో కొత్త చార్టర్ చట్టానికి ఆమోదం పడింది. మిషనరీలు లైసెన్స్ తీసుకుని ఇండియా రావడానికి దారి దొరికింది అందులోనే. ఒక్క ఏడాది!

పుస్తకాల్లో మాత్రం జడ్సన్ బర్మా వెళ్లి బైబిల్‌ని బర్మీస్‌లోకి అనువదించాడు, డిక్షనరీ తయారుచేశాడు అని ఒక్క లైన్‌లో ఉంటుంది. ఆ రోజు మద్రాసు రేవులో వేరే ఓడ ఉండి ఉంటే ఆ లైన్ ఇంకోలా ఉండేది.

కాగితాలు అక్కడా వదల్లేదు. 1824లో బ్రిటిష్ వాళ్లకీ బర్మాకీ యుద్ధం వచ్చింది. జడ్సన్‌కి అమెరికా డబ్బు బెంగాల్ మీదుగా ఒక ఇంగ్లిష్ వ్యాపారి చేతి ద్వారా అందేది. ఆ వ్యాపారి లెక్కల పుస్తకంలో జడ్సన్ పేరు చూసి, ఇది గూఢచారి జీతం అనుకున్నారు. జైల్లో వేశారు. ఆన్ చేసిన పని ఏంటంటే, నెలల తరబడి ఆవా నగరంలో ఒక్కో అధికారి గుమ్మం తొక్కడం, అర్జీలు, కానుకలు. ఆయన బయటికొచ్చాడు. ఆమె 1826లో చనిపోయింది.

ఒకటి ఆలోచించండి. కంపెనీ కూడా సముద్రం దాటి వచ్చినదే. కానీ గేటు దగ్గర కూర్చుని ఎవరు రావాలి, ఎవరు పోవాలి అని చెప్పింది అదే. ఈ నేల మీద పుట్టినవాళ్లని ఎవరూ అడగలేదు. రూల్ రాసేవాడికి అది ఒక లైన్. ఆ లైన్ వల్ల ఎవరు ఓడ ఎక్కారో, ఎవరు తిరిగి దిగలేదో కూడా చరిత్రే.

మీ ఇంట్లో పాత పాస్‌పోర్టులు, పర్మిట్లు ఉంటే పారేయకండి. వాటి వెనక ఏం జరిగిందో పెద్దవాళ్లని అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.