చేవ్రాలుకు సాక్షి ఎవరు?

సంతకం అన్న మాట వాడుకలో స్థిరపడింది గాని, అచ్చతెలుగులో దానికి చేవ్రాలు అనే చక్కని పేరుంది. ఒక మనిషి చెయ్యి ఒక వస్తువు మీద ఆనిందనడానికి అది గుర్తు. అయితే ఆ గుర్తు నిజమైనదేనని ఎవరు చెప్పాలి? శాసనాల కాలం నుంచి నేటి దాకా మనుషులను వేధిస్తున్న ప్రశ్న ఇది. అమెరికాలో కామిక్ పుస్తకాలు సేకరించేవారు దీనికి కనిపెట్టిన జవాబొకటి ఈమధ్య నా దృష్టికి వచ్చింది. దానిని మన పాత జవాబుల పక్కన పెట్టి చూడడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా వారి పద్ధతి. సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ, పొట్టిపేరుతో సీజీసీ, 2000లో కామిక్కులకు మార్కులు వేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఫ్లోరిడాలోని సరసోటాలో ఉంది. పుస్తకం పంపితే పరీక్షకులు మడతలు, చిరుగులు, మరకలు, పిన్నుల తుప్పు, కాగితం రంగు పరిశీలించి 0.5 నుంచి 10 వరకు మార్కు నిర్ణయిస్తారు. పిమ్మట పుస్తకాన్ని పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పైన చీటీ పెడతారు. మామూలు ప్రతికి నీలం చీటీ. రంగులద్ది, అతికి, మెరుగులు దిద్దిన ప్రతికి ఊదా చీటీ. సంతకమున్న ప్రతికి పసుపు చీటీ దక్కాలంటే ఒక షరతుంది: చిత్రకారుడో రచయితో సంతకం చేస్తుండగా సంస్థ ఒప్పుకున్న సాక్షి పక్కన నిలిచి కళ్లారా చూసి ఉండాలి. అలా చూసినవారు లేకపోతే, ఆ పద్ధతిలో, సాక్షాత్తు చిత్రకారుడి చెయ్యే అయినా అది అట్ట మీద ఎవరో గీసిన గీతతో సమానం. ఆకుపచ్చ చీటీతోనో, తగ్గిన మార్కుతోనో సరిపెట్టుకోవాలి. తరువాతి కాలంలో సంతకాన్ని తెలిసిన నమూనాలతో పోల్చి తేల్చే సంస్థలు కూడా వచ్చాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, అక్కడ డబ్బు అంతటిది. సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, 8.5 మార్కు వచ్చిన ప్రతి, 2024లో అరవై లక్షల డాలర్లకు అమ్ముడైంది. అంత ధర పలికేచోట కొనేవాడు అమ్మేవాడి మాట నమ్మడు. మూడో మనిషి కావాలి.

ఇది మనకు కొత్త విషయమా? నేను ఉండేది సుబేదారిలో. నిజాం కాలంలో వరంగల్ సుబాను ఏలిన అధికారి సుబేదారు. ఆయన నివాసం వల్ల ఈ పేటకు ఆ పేరు వచ్చింది. మొహరు, దస్తఖత్, నిశాని అన్న మాటలన్నీ ఆనాటి కచేరీల మీదుగా మన నోట నిలిచినవే. ఇక్కడికి దగ్గరలోనే వేయిస్తంభాల గుడి ఉంది. అక్కడ రుద్రదేవుని శాసనం 1163 నాటిది. దానికి ముద్ర అక్కరలేదు. గుడి ముంగిట, పదిమంది నడిచేచోట నిలిపిన రాయిని ఎవరు మార్చగలరు? ఊరంతా సాక్షే.

చిక్కు వచ్చింది రాగిరేకులతో. అవి ఇంట దాచుకునేవి, చేతులు మారేవి. అందుకని మన పూర్వులు ఒక ఉపాయం చేశారు. రేకులకు రంధ్రం చేసి, అందులోంచి ఒక కడియం దూర్చి, దాని రెండు కొనలను రాజముద్రలో కలిపి పోతపోశారు. తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహమూ, అంకుశమూ, శ్రీత్రిభువనాంకుశ అన్న బిరుదూ ఉంటాయి. కడియం కోయకుండా రేకు మార్చడానికి వీలులేదు. అందుకే శాసన పరిష్కర్తలు తామ్రశాసనం ప్రకటించేటప్పుడు, అది తమ చేతికి వచ్చేనాటికి కడియం కోసి ఉందా, లేదా అన్నది విధిగా నమోదు చేస్తారు.

ముద్రతో పాటు చేవ్రాలూ ఉండేది. రాజు తన ముద్రా, స్వహస్తమూ ఉంచి శాసనం ఇవ్వాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. హర్షవర్ధనుని బాంస్‌ఖేడా శాసనం చివర ఆయన స్వహస్తం అలంకారంగా చెక్కి ఉంది. విజయనగర రాజుల తామ్రశాసనాలు నందినాగరిలో సాగినా, చివరి శ్రీ విరూపాక్ష అన్న వ్రాలు మాత్రం తెలుగు కన్నడ లిపిలో ఉంటుంది.

ఇన్ని కట్టుబాట్లున్నా మోసం ఆగలేదు. దొంగ శాసనానికి కూటశాసనం అన్న పేరే ఏర్పడింది. ఒక బ్రాహ్మణుడు కూటశాసనంతో గ్రామాన్ని అనుభవిస్తున్నాడని హర్షుడే దానిని రద్దుచేసి వేరొకరికి ఇచ్చినట్టు మధుబన్ శాసనం చెబుతుంది. నేటి ప్లాస్టిక్ పెట్టెకూ అదే గతి పట్టింది. పెట్టె తెరిచి, లోపలి పుస్తకం మార్చి, తిరిగి మూసి అమ్మిన వైనం 2023 చివర బయటపడింది. కడియం కోసి రేకు మార్చడమంటే ఇదే గదా!

మన కవులది మరొక దారి. వారు చేవ్రాలును పుస్తకం లోపలే పెట్టారు. అదే ఆశ్వాసాంత గద్య. మన బమ్మెర పోతన పేర చెలామణి అయ్యే భాగవతంలో పంచమస్కంధం గంగనదనీ, షష్ఠం సింగనదనీ, చివరి రెండు స్కంధాలు నారయవనీ మనకు తెలిపేది ఆ గద్యలే. మకుటం అంత గట్టి కాపలా కాదు. వేమన మకుటం తగిలించి ఎవరెవరో అల్లిన పద్యాలు ఎన్నో ఉన్నాయి. సంతకం సులువైనకొద్దీ దొంగకు దారి సులువవుతుంది.

ఇక అసలు సంగతి. అమెరికాలో ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకడి వద్ద పాత చందమామ ఒకటి ఉంది. చందమామ కామిక్ కాకపోయినా మన బొమ్మల కథలకు అదే పుట్టినిల్లు. 1947 జూలైలో మద్రాసులో మొదలై, 2013 ప్రాంతంలో ఆగిపోయింది. ఆ సంచికలో శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుని బొమ్మ కింద, దానిని గీసిన శంకర్ గారి సిరా సంతకం ఉందట. తండ్రి మద్రాసులో చేయించుకున్నారు. ఆ తండ్రి లేరు. 2020లో శంకర్ గారూ వెళ్లిపోయారు. "సార్, ఇది అసలుదేనని ఇప్పుడు ఎవలు చెప్తరు?" అని ఫోనులో అడిగాడు.

పసుపు చీటీ దానికి ఎన్నటికీ రాదు. చూసిన కళ్లు మూతపడ్డాయి. నమూనాలతో పోల్చే దారి ఒక్కటే మిగిలింది. వడ్డాది పాపయ్య గారి వ.పా. లాగా అట్టల మీద అచ్చయిన వ్రాళ్లు అటువంటి పోలికకు కొంత ఆధారం కావచ్చు గాని, అచ్చు వేరు, సిరా వేరు. పైగా మన చందమామలకు మార్కులు పడే అవకాశమూ తక్కువే. పన్నెండు సంచికలు కలిపి కుట్టించి, అంచులు కత్తిరింపించి, అట్ట మీద ఇంటిపేరు వ్రాసుకున్నాం. ఆ పరీక్షలో ఇవన్నీ దోషాలే. నా లెక్కలో ఆ పుస్తకం ఒక ఇంట్లో బ్రతికిందనడానికి ఇవే సాక్ష్యాలు.

రాగిరేకుల కడియంలో నాకు నచ్చిన సుగుణం ఒకటుంది. దానిని కోయకుండానే రేకులు తిప్పి చదువుకోవచ్చు. కాపలా కాపలాగానే ఉంటుంది, చదువు చదువుగానే సాగుతుంది. ప్లాస్టిక్ పెట్టెలోని పుస్తకం అట్టలు మాత్రమే చూపిస్తుంది. భేతాళుడు అడిగిన ప్రశ్న తెలియాలంటే పెట్టె పగలాలి, పగిలితే విలువ పోతుంది.

కాబట్టి బ్లాగ్మిత్రులకు నా మనవి ఇది. మీ ఇళ్లలో రచయితల, చిత్రకారుల సంతకాలున్న పుస్తకాలు ఉంటే, వాటిని మీ పెద్దలు ఎక్కడ, ఏ సంవత్సరంలో, ఎవరి ఎదుట చేయించుకున్నారో ఈ వారమే అడగండి. వేరే కాగితం మీద వ్రాసి, తేదీ వేసి, చూసినవారి చేత వ్రాలు పెట్టించి పుస్తకంతో పాటు ఉంచండి. చిరుగులకు జిగురుటేపు అంటించకండి. మన పాత దస్తావేజుల అడుగున సాక్షుల పేర్లు, దస్తూరి ఎవరిదో ఉండేవి. అంతపాటి కాగితం చాలు. అది మార్కెట్టులో పసుపు చీటీకి సాటి రాకపోవచ్చు గాని, మన తరువాతివాళ్లు నమ్మడానికి ఒక ఆధారమవుతుంది. చదువుకోవడానికి పుస్తకమూ చేతిలో ఉంటుంది.

స్వస్తి.