స్ట్రోక్స్‌టౌన్ మహోన్ వంశం

ఐర్లండ్‌లోని రాస్‌కామన్ కౌంటీలో మూడు శతాబ్దాలపాటు భూస్వాములుగా సాగిన ప్రొటెస్టెంట్ కుటుంబం మహోన్ వంశం. 17వ శతాబ్దం ఉత్తరార్ధంలో నికొలస్ మహోన్‌కు దక్కిన భూములతో స్ట్రోక్స్‌టౌన్ ఎస్టేటు మొదలైంది. ఇప్పుడున్న భవనం చాలావరకు 18వ శతాబ్దంలో థామస్ మహోన్ కట్టించినది. పనివాళ్లు దొరల కంటబడకుండా తిరిగేందుకు నేల కింద సొరంగం తవ్వారు. వంటశాలకు పైన ఒక వసారా ఉంది. ఇంటి యజమానురాలు కిందికి దిగకుండా, ఆ వారం ఏం వండాలో రాసిన చీటీని అక్కడి నుంచే జారవిడిచేది. 1800లో కుటుంబానికి బారన్ హార్ట్‌లాండ్ బిరుదు వచ్చింది.

మూడో బారన్‌కు మతి చలించడంతో ఎస్టేటు ఆలనాపాలనా లేక అప్పుల్లో కూరుకుపోయింది. ఆయన 1845లో మరణించగా బంధువు మేజర్ డెనిస్ మహోన్‌కు ఆస్తి సంక్రమించింది. అదే ఏడు బంగాళాదుంపకు తెగులు సోకింది. కౌలుదార్లకు అదే అన్నం. తిండి పోయింది, కౌలు బకాయి పడింది. పేదల పోషణకు కట్టాల్సిన పన్ను మాత్రం పెరుగుతూ పోయింది. ఎస్టేటు ఏజెంటు జాన్ రాస్ మహోన్ లెక్క కట్టాడు: ఈ జనాన్ని నిరుపేదలను ఉంచే వర్క్‌హౌస్‌లో ఏడాది పోషించే ఖర్చులో సుమారు సగానికే ఓడ ఎక్కించి కెనడా పంపేయవచ్చు. ఈ వంశ చరిత్రలో అతి ముఖ్యమైన కాగితం నా దృష్టిలో ఆ లెక్కే.

ఆ లెక్క ప్రకారమే 1847 మేలో 1,490 మంది రాయల్ కాలువ గట్టు వెంబడి డబ్లిన్‌కు నడిచారు. అక్కడి నుంచి లివర్‌పూల్, ఆపైన సముద్రం. ‘వర్జీనియస్’ ఓడ ఎక్కిన 476 మందిలో 158 మంది దారిలోనే చనిపోయారు. తక్కిన ఓడల్లోనూ జ్వరాలు ఎందరినో పొట్టనపెట్టుకున్నాయి. ఊళ్లో మిగిలినవాళ్లలో చాలామందిని మేజర్ ఇళ్లు ఖాళీ చేయించాడు. ఆ నవంబరు 2 సాయంత్రం రాస్‌కామన్ నుంచి బండిలో తిరిగివస్తుండగా ఆయన్ను కాల్చి చంపారు. మరుసటి ఏడాది ఈ కేసులో ఇద్దరిని ఉరితీశారు.

ఆ తరువాతి భూచట్టాలతో పొలాలు క్రమంగా కౌలుదార్ల పరమయ్యాయి. కుటుంబానికి మిగిలింది భవనం, చుట్టూ తోట. చివరి వారసురాలు ఆలివ్ పాకెన్‌హామ్ మహోన్ 1979లో దాన్ని స్థానిక గ్యారేజీ కంపెనీకి అమ్మారు. యజమాని జిమ్ క్యాలరీకి కావలసింది లారీలు నిలిపే జాగా. అయితే ఇంట్లోని పాత కాగితాలు తిరగేస్తుంటే, క్లూనాహీ గ్రామ కౌలుదార్లు 1846 ఆగస్టులో రాసుకున్న అర్జీ చేతికి తగిలింది. తమ కళ్లముందే పిల్లాపాపలు ఆకలితో అలమటిస్తున్నారనీ, పని ఇప్పించమనీ అందులో వేడుకున్నారు. దొరల జమాఖర్చులతోపాటే ఆ మొర కూడా 130 ఏళ్లకు పైగా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అది చదివాక క్యాలరీ ఆ భవనాన్ని కాపాడాలని నిశ్చయించుకున్నారు. అక్కడే నెలకొల్పిన జాతీయ కరవు మ్యూజియాన్ని 1994లో అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ ప్రారంభించారు. స్ట్రోక్స్‌టౌన్ నుంచి డబ్లిన్ దాకా ఆ 1,490 మంది నడిచిన 165 కిలోమీటర్ల బాట వెంట ఇప్పుడు కంచుతో పోతపోసిన పసిపిల్లల బూట్లు కనిపిస్తాయి.