లినక్సు స్థాపనగ్రంథములు : పుట్టుక, వ్యాప్తి, కాలనిర్ణయము

ఒక గ్రంథమునకు ప్రతులు పెక్కులైనపుడు పాఠభేదములు పుట్టుటయు, ప్రతి వ్రాసిన కాలము తెలియనపుడు ఏ పాఠము ప్రమాణమో నిర్ణయించుట దుష్కరమగుటయు మన శాఖలో పనిచేయు వారికి క్రొత్త విషయములు కావు. ఈ చిక్కు తాళపత్రములతోనే ముగిసినదని తలచుట పొరపాటు. గడచిన మూడు దశాబ్దులకు పైగా పెరిగిన కంప్యూటరు వాఙ్మయములో నొక శాఖ దీనినే మఱింత తీవ్రముగా నెదుర్కొనినది. లినక్సు అను స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను యంత్రమున స్థాపించు విధమును దెలుపు గ్రంథములే ఆ శాఖ. ఇవి యొకచోట లేవు, పలుచోట్ల చెదరియున్నవి. ఇందులకు రచయితల యశ్రద్ధయే కారణమని సామాన్యముగా చెప్పుదురు. ఆ మాట చరిత్రతో పొసగదనియు, అసలు లోపము చెదరుటలో గాక కాలము తెలియకపోవుటలో నున్నదనియు చూపుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ వాఙ్మయమునకు పూర్వరూపము యూనిక్సు మాన్యువలు. బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రచించిన దాని ప్రథమ ముద్రణముపై 1971 నవంబరు 3వ తేదీ కలదు. ఆదేశములు వేర్వేఱుగా వివరింపబడినవి. పేరు, ప్రయోగరూపము, వివరణము మున్నగు శీర్షికలతో పాటు ‘దోషములు’ అను శీర్షికయు నందు కలదు. తాము నిర్మించిన వస్తువునందలి లోపములను తామే చెప్పుకొనుట గ్రంథరచనా పద్ధతిలో నొక భాగమైనది. అయితే నిర్మాతలు, రచయితలు, ప్రకాశకులు అందఱు నొక్క సంస్థలోనివారే. అందుచేత ఆ గ్రంథము చెదరుటకు కారణము లేకుండెను.

లినక్సు పుట్టుక యిట్టిది కాదు. ఎవ్వరైనను నడుపుటకును, పరిశీలించుటకును, మార్చుటకును, పంచుటకును వీలైన వ్యవస్థను నిర్మింప నెంచి రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాయుచున్న వ్యవస్థను గూర్చి మినిక్సు వాడుకరులకు తెలిపెను. తొలి కూర్పును సిద్ధపఱచుకొనుటకు మినిక్సు ముందుగానే యంత్రమున నుండవలెను. అట్టి పాఠకుడు నిపుణుడే కాన, స్థాపనవిధిని విడమరచి చెప్పవలసిన యగత్యము లేకపోయెను.

ఆ స్థితి త్వరలోనే మాఱినది. 1992 ఆరంభమున మాంచెస్టరు కంప్యూటింగ్ కేంద్రమున ఓవెన్ లె బ్లాంక్ ఒక డిస్ట్రిబ్యూషన్‌ను, అనగా పలు భాగములను జేర్చి స్థాపనకు సిద్ధము చేసిన సంపుటిని, వెలువరించెను. ఆ సంవత్సరముననే పీటర్ మెక్‌డొనాల్డ్ చేసిన ఎస్.ఎల్.ఎస్. వచ్చినది. 1993 జూలైలో పాట్రిక్ వోల్కెర్డింగ్ స్లాక్‌వేర్‌ను విడుదల చేసెను. ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించెను. కెర్నెలు ఒకరిది, గ్నూ పనిముట్లు వేఱొకరివి, తెరపై చిత్రములను జూపు వ్యవస్థ మఱియొకరిది. వీనిని కూర్చిన ప్రతివాడును తన స్థాపనక్రమమును తానే యేర్పఱచుకొనెను. కావున వివరణమును తానే వ్రాసికొనవలసి వచ్చెను. ఎవ్వరి యనుమతియు లేకయే మార్చి పంచుకొనుట యే స్వేచ్ఛవలన సాధ్యమైనదో, ఆ స్వేచ్ఛ వలననే గ్రంథములును పెక్కైనవి. దీని నశ్రద్ధ యనుట న్యాయము కాదు.

అంతేకాదు, ఈ చెదరుటను సరిదిద్దు ప్రయత్నమును తొలినాళ్లలోనే జరిగినది. 1992లో లినక్సు డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు ఆరంభమైనది. మాట్ వెల్ష్ స్థాపనమును గూర్చియు, లార్స్ విర్జేనియస్ వ్యవస్థానిర్వహణమును గూర్చియు, ఓలాఫ్ కిర్క్ నెట్‌వర్కుల నిర్వహణమును గూర్చియు గ్రంథములు రచించిరి. వీనికి తోడు ‘హౌటూ’ అను చిన్న పత్రములు ఒక్కొక్క పనికి ఒక్కొక్కటిగా వెలువడినవి. వీని శిరోభాగమున రచయిత పేరు, కూర్పు సంఖ్య, తేదీ ఉండుట పరిపాటి. ఒకే మూలప్రతి నుండి ముద్రణకును, తెరపై చదువుటకును వేర్వేఱు రూపములు తీయుటకై ఎస్.జి.ఎమ్.ఎల్. అను గుర్తుల పద్ధతిని వాడిరి. గ్రంథపరిష్కర్త కోరు సాధనములు చాలవఱకు వీరు సమకూర్చిరనియే చెప్పవలెను.

మఱి లోపమెచ్చట? ఒక యుదాహరణము చూతము. నాటి యంత్రములలోని బయాసు అను మూలసాధనము డిస్కునందలి సిలిండరు సంఖ్యను పది బిట్లతో గుర్తించెడిది; కనుక అది చేరగలిగిన సిలిండరులు 1,024 మాత్రమే. లినక్సును మేల్కొలుపు లిలో అను సాధనము ఈ బయాసు మీదనే యాధారపడెను. కెర్నెలు ఆ హద్దునకు ఆవల నున్నచో యంత్రము లేవదు. అందుచే డిస్కు మొదటనే యొక చిన్న విభాగమును ప్రత్యేకించి, కెర్నెలును అందుంచుడని నాటి గ్రంథములు బోధించినవి. ఆ బోధ అప్పటికి సత్యము. 2000 ప్రాంతమున లిలో క్రొత్త పద్ధతిని గ్రహించినతోడనే, ఆ పద్ధతి నెఱిగిన బయాసు గల యంత్రములలో ఆ హద్దు తొలగినది. కాని ఆ వాక్యము మాత్రము ప్రతినుండి ప్రతికి ప్రాకుచు, తేదీ గల శిరోభాగమును పోగొట్టుకొని, నిత్యసత్యమువలె నిలిచినది. మూలప్రతి తన కాలమును చెప్పినది. దానిని ఉద్ధరించినవారు చెప్పలేదు. సరిగా ఇదియే మన లేఖకుల దోషము!

కావ్యమున పాఠము తప్పిన రసభంగము కలుగును. ఇచ్చట తప్పిన ఫలితము వేఱు. డిస్కును విభజించు ఘట్టమున ఒక్క యాదేశము పొరపడినచో, పాఠకుడు దాచుకొనిన వ్రాతలన్నియు పోవును. అతని వ్యాసముల చిత్తుప్రతులు అందుండవచ్చును; సంవత్సరముల శ్రమయు నుండవచ్చును.

తరువాతి కాలమున వికీ పద్ధతి వచ్చినది. ఎవ్వరైనను సవరింపవచ్చును, ఏ సవరణ యెప్పుడు జరిగెనో వికీయే నమోదు చేయును. ఆర్చ్ లినక్సు వాడుకరుల వికీ ఇతర డిస్ట్రిబ్యూషన్ల వారికి సైత మాకరమైనది. అయినను ఏకప్రతిని నమ్ముకొనుటలోని యపాయము తొలగలేదు. జెంటూ వాడుకరులు స్వచ్ఛందముగా కూర్చుకొనిన, అధికారికము కాని వికీ యొకటి 2008లో తన సమాచారమును కోల్పోయెను. చెదరియుండుట యొక విధమున రక్షణము గూడ నని దీనివలన తెలియుచున్నది. ఒక యింటి ప్రతి చెదలపాలైనను వేఱొక యింట ప్రతి యుండుటచేతనే కదా మన కావ్యములు పెక్కు బ్రదికినవి.

సవరించు నధికారము మఱియొక ప్రశ్న. సాఫ్ట్‌వేరును మార్చవచ్చును గాని దాని గ్రంథమును మార్చరాదన్నచో, వస్తువు మాఱినను వివరణము మాఱదు. గ్నూ వారు 2000 మార్చిలో గ్రంథములకై ప్రత్యేకముగా నొక అనుమతిపత్రమును ప్రకటించిరి. అందు ‘మార్పరాని భాగములు’ ఉంచుటకు వీలు కలదు. 2006లో డెబియన్ సభ్యులు వోటు జరిపి, అట్టి భాగములు లేని గ్రంథములే తమ స్వేచ్ఛానియమములకు తగినవని నిర్ణయించిరి. గ్నూ ప్రధాన గ్రంథములు కొన్ని ఆ కారణమున డెబియన్ ముఖ్యభాండారమునకు వెలుపలనే నిలిచెను. స్వేచ్ఛను బోధించిన వారి గ్రంథములే స్వేచ్ఛా పరీక్షలో నిలువకపోవుట ఈ చరిత్రలో విచిత్రఘట్టము.

తెలుగువారికి ఈ విచారముతో సంబంధము లేకపోలేదు. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగు లిపికి స్థానము లభించినది. డెబియన్ స్థాపనవేళ తెలుగు భాషను ఎన్నుకొన వీలున్నది. కాని తెరపై తెలుగు మాట కనబడుట వేఱు, ఆ మాటకు స్థిరమైన యర్థము కలుగుట వేఱు. డిస్కునందలి ఒక ఖండమును ఒకరు ‘విభాగము’ అనియు, వేఱొకరు ‘విభజన’ అనియు వ్రాసినచో, తొలగింపవలసినది ఖండమునా, చేసిన యేర్పాటునంతటినా యని క్రొత్త పాఠకుడు తడబడును. ఇచ్చట పారిభాషికపద నిర్ణయము పండితుల వినోదము కాదు. పాఠకుని సొత్తును కాపాడు పని.

కాబట్టి అన్నిటిని ఒక్క మహాగ్రంథమున చేర్చిన చిక్కు తీరునను వాదము మాకు సమ్మతము కాదు. ప్రతి పత్రముపై తేదీయు, అది యే కూర్పునకు వర్తించునో ఆ నిర్దేశమును ఉండవలెను. సవరించు ననుమతి పాఠకునకు దక్కవలెను. ప్రతి మఱియొకచోట భద్రమై యుండవలెను. ఈ మూడును కుదిరిన, చెదరియుండుట దోషము కాదు. ఈ గ్రంథముల పూర్వప్రతులు కొన్ని యింకను లభ్యములు. వానిని తేదీల క్రమమున నిలిపి పాఠభేదములను పరిశీలించు పనికి పాఠపరిష్కరణమున శిక్షణ పొందిన మన పరిశోధకవిద్యార్థులే అర్హులు. వారిలో ఒకరైనను దీనికి పూనుకొందురేని ఈ వ్యాసప్రయోజనము సిద్ధించినట్లే.